ఇంటర్వల్ మనిషి

సినిమా ఎలా వుందని అడిగినవాళ్ళకి నిజం చెప్పటం వల్ల అమెరికాలో నాకు ఇప్పటిదాకా ముగ్గురు స్నేహితులు తగ్గారు. ఇద్దరు ఒక హీరోగారి అభిమానులు, ఒకాయన ఇంకో హీరోగారి అభిమాని. పాట్‌లక్‌లో గుత్తొంకాయ వడ్డించుకుంటూ "ఏం గురూగారూ, చూశారా?" అని వాళ్ళే అడుగుతారు. చూశానంటే ఎలా వుందంటారు. బాగాలేదంటే మొహం మాడ్చుకుంటారు. బాగుందన్న మాట వినటానికే అయితే నన్నడగటం ఎందుకు, ఇంట్లో అద్దాన్ని అడగొచ్చుగా!

ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది. మా నాన్నగారు తణుకులో హైస్కూలు లెక్కల మాస్టారు. ఊళ్ళోకి వచ్చిన ప్రతి సినిమాకీ మమ్మల్ని తీసుకెళ్ళేవారు కానీ, ఆయన చూసేది మాత్రం సగమే. ఇంటర్వల్లో బయటికొచ్చి, రెండు మిరపకాయ బజ్జీలు తిని, టీ తాగి, అక్కడే తీర్పు చెప్పేసేవారు. నచ్చితే మళ్ళీ లోపలికి. నచ్చకపోతే (పదిసార్లలో ఏడుసార్లు నచ్చేది కాదు) సైకిల్ స్టాండు దగ్గర అరుగు మీద కూర్చుని, మేం బయటికొచ్చేదాకా పేపరు చదువుకునేవారు. "లెక్క మొదటి మెట్టులోనే తప్పు చేసినవాడి పేపరు చివరిదాకా దిద్దక్కర్లేదురా" అనేవారు. "మరి చివర్లో ఆన్సరు కరెక్టొస్తే?" అని ఒకసారి అడిగాను. "అంటే కాపీ కొట్టాడన్నమాట" అన్నారు.

అమ్మ అలా కాదు. టైటిల్స్‌లో మొదటి పేరు నించి చివర "శుభం" పడేదాకా, అది పడ్డాక హాల్లో లైట్లు వేసేదాకా సీట్లోంచి లేచేది కాదు. కథ ఎంత అధ్వాన్నంగా వున్నా సరే, తరవాత ఏమైందో తెలియాలి ఆవిడకి. డబ్బులిచ్చి కొన్న టిక్కెట్టు సగం పారేస్తామా అనేది. మేమిద్దరు అన్నదమ్ములం ఆవిడకి చెరోవైపు కూర్చునేవాళ్ళం. నాన్నగారి సీటు ఖాళీగా వుండేది. ఆ సీట్లో మా తమ్ముడు కాళ్ళు చాపుకుని నిద్రపోయేవాడు.

నాకు తెలిసి నాన్నగారు ఎన్నిసార్లు వెళ్ళినా చివరిదాకా కూర్చున్న సినిమా ఒక్కటే, 'మాయాబజార్'. అది 1957లో వచ్చినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్ళు. నేను చూసింది చాలా ఏళ్ళ తరవాత, మళ్ళీ ఆడినప్పుడు. ఇంటికి నడిచి వస్తూ దారిలో నన్ను ఒక ప్రశ్న అడిగారు. "ఇదంతా పాండవుల ఇంటి పెళ్ళి గొడవే గదా. అభిమన్యుడు వాళ్ళబ్బాయి. వాళ్ళ రాజ్యం పోయిందనే గదా పిల్లనివ్వనన్నారు. మరి మూడుగంటల సినిమాలో ఒక్క పాండవుడన్నా కనపడ్డాడా?" నేను ఆలోచించాను. నిజమే, ఒక్కడూ లేడు. ఘటోత్కచుడున్నాడు, సుభద్ర వుంది, కృష్ణుడున్నాడు. ధర్మరాజు, భీముడు, అర్జునుడు ఎక్కడా లేరు. "లేనివాళ్ళ చుట్టూ కథ నడపటం కేవీ రెడ్డికే చెల్లింది" అన్నారు. 2010లో దానికి రంగులద్ది విడుదల చేస్తే, చూశారా అని ఫోన్లో అడిగాను. "మార్కస్ బార్‌ట్లే నలుపు తెలుపుల్లోనే వెన్నెల కాయించాడు. ఇప్పుడు మళ్ళీ సున్నాలెందుకు?" అన్నారు. దానికి ఇంటర్వల్ దాకా కూడా వెళ్ళలేదు.

నేను 2002లో కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చెయ్యటానికి టెక్సాస్ వచ్చాను. ఒక అపార్ట్‌మెంటులో నలుగురం. వారానికొకసారి కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. ఆరోగ్యం ఒక నిమిషం, డబ్బులు ఒక నిమిషం, మిగిలిన కార్డు అంతా సినిమాలే. ఇక్కడ మాకు సినిమాలు ఇండియన్ గ్రోసరీ స్టోర్లో కొత్తిమీర కట్టల పక్కన డీవీడీల రూపంలో దొరికేవి. నాన్నగారు మొదటి సగం చూసి అభిప్రాయం చెప్పేవారు. నేను డీవీడీ వచ్చాక మొత్తం చూసి, రెండో సగం కథ ఆయనకి చెప్పేవాణ్ణి. "చెప్పలా? మొదటి మెట్టులోనే తప్పు" అనేవారు గర్వంగా. 2004లో 'ఆనంద్' మాత్రం పూర్తిగా చూశారు. మంచి కాఫీ లాంటి సినిమా అని పోస్టర్ల మీద వేసుకున్నారు కదా. "కాఫీ బాగానే వుందిరా, పంచదారే ఒక చెంచా ఎక్కువైంది" అన్నారు. దీన్ని మించిన సమీక్ష నేనింతవరకూ చదవలేదు.

ఇక నా అభిప్రాయాలు. ఎవరికి కోపమొచ్చినా సరే.

తెలుగు టీవీలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో మళ్ళీ మళ్ళీ చూడదగ్గది 'అమృతం' ఒక్కటే. 2001 నించి 2007 దాకా జెమినీలో ఆదివారం పూట వచ్చింది. గుణ్ణం గంగరాజుగారి చలవ. అందులో ఇద్దరు మిత్రులు కలిసి హోటల్ పెడతారు, లాభం రాదు. వారం వారం లాభం రాదు. అమృతరావు వేషం వేసే నటుడు మారాడు, మళ్ళీ మారాడు, అయినా హోటలుకి లాభం రాలేదు. గుండు హనుమంతరావుగారు ఆంజనేయులుగా అమాయకంగా చూసే చూపులో ఎంత కథుందో, మన పెద్ద సినిమాల పది ఫైట్లలో అంత కథ లేదు. పక్కన సర్వం. వీళ్ళందరి నెత్తిమీదా ఇంటి ఓనరు అప్పాజీ. మా అపార్ట్‌మెంటులో నలుగురం ఇడ్లీపిండి పులవక గొడవపడే రోజుల్లో దాన్ని చూశాం కనక అంత నచ్చిందేమో అని తరవాత అనుమానమొచ్చి, మొన్నీమధ్య యూట్యూబులో మళ్ళీ చూశాను. లేదు, నిజంగానే బాగుంది. 2014లో ఆ అమృతాన్ని చంద్రమండలం ఎక్కించి సినిమా తీశారు. అది చెయ్యకుండా వుండాల్సింది. అమృతవిలాస్ భూమ్మీద నష్టాల్లో వుంటేనే అందం.

అమెరికా టీవీ నాకు అర్థమవటం 'ఎవ్రీబడీ లవ్స్ రేమండ్'తో మొదలైంది. పెళ్ళయిన కొడుకు ఇంటి ఎదురుగానే అమ్మానాన్నల ఇల్లు. తల్లి తలుపు కొట్టకుండా లోపలికొచ్చి కోడలి కూరలో ఉప్పు సరిచేస్తుంది. తండ్రి సోఫాలోంచి లేవడు. పెద్దకొడుక్కి తమ్ముడంటే కుళ్ళు. ఇది మన ఉమ్మడి కుటుంబమే కదా, వెనక నవ్వులు పెట్టారంతే. ఆ తరవాత మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు ఒక్క ముక్క ఇంగ్లీషు అర్థం కాకుండా ఒక ఎపిసోడంతా చూసి, "ఆవిడ అచ్చం మా పెద్దాడపడుచులా వుంది" అంది. నిజంగానే మేరీ బరోన్‌కీ మా మేనత్తకీ తేడా పట్టుచీరే.

మన సినిమాల్లో అమెరికా గురించి నా దగ్గర పెద్ద ఫిర్యాదుల చిట్టా వుంది. 1976లో సింగీతంగారి 'అమెరికా అమ్మాయి' నించీ మనవాళ్ళకి ఈ దేశంతో చుట్టరికం వుంది. జంధ్యాలగారు 1987లో 'పడమటి సంధ్యారాగం' ఇక్కడికొచ్చి తీశారు. దాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. గుమ్మలూరి శాస్త్రిగారి తండ్రి పాత్రని చూసి నవ్వుకుంటాం, కానీ ఆయన భయం నిజం. ఆడపిల్లని తెచ్చి ఈ దేశంలో పెంచుతున్న తండ్రి భయం అది. ఎదురుగా వున్న అమెరికన్ కుర్రాణ్ణి వెకిలిగా చూపించలేదు, మనిషిలాగే చూపించారు. ఆ కుర్రాడు థామస్ జేన్. తరవాత హాలీవుడ్‌లో హీరో అయ్యాడు. 2000లో శేఖర్ కమ్ముల 'డాలర్ డ్రీమ్స్' తీశాడు. ఆయనా ఇక్కడ కంప్యూటర్ సైన్సు చదివినవాడే. సినిమా అక్కడక్కడ తడబడుతుంది, కానీ అందులో కుర్రాళ్ళు మాట్లాడినట్టే మేం మాట్లాడుకున్నాం. తొలి చిత్రానికి జాతీయ అవార్డు ఇచ్చారు. న్యాయమే.

మిగతావాటిలో అమెరికా అంటే ఒక వంతెన, దాని మీద డాన్సు. ఆ వంతెన మీదే మేం సోమవారం పొద్దున ట్రాఫిక్‌లో ఇరుక్కుని స్టేటస్ కాల్‌లో మాట్లాడుతుంటాం. అమెరికా పెళ్ళికొడుకంటే కళ్ళజోడు పెట్టుకుని నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడి, క్లైమాక్సులో హీరోయిన్ని హీరో చేతిలో పెట్టి తప్పుకునే వెర్రివెంగళప్ప. ఇదొక రకం. రెండోరకం 2019లో వచ్చిన 'మహర్షి'. అమెరికాలో పెద్ద కంపెనీకి సీయీవో అయిన కుర్రాడు స్నేహితుడి ఊరు వెళ్ళి రైతుల కోసం నిలబడతాడు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. రెండువారాల సెలవు కోసం మూడునెలల ముందు మేనేజరుకి ఈమెయిలు పెట్టి, జవాబు కోసం ఎదురుచూసేవాళ్ళం మేం. ఆయన ఊరిపక్కనే ఆఫీసు పెట్టేసుకుంటాడు! అంతకన్నా 2004లో వచ్చిన హిందీ 'స్వదేశ్' నయం. అందులో నాసాలో పనిచేసేవాడు ఊరు వదిలి అమెరికా తిరిగొచ్చి, కొంతకాలం కుదురులేక అవస్థపడి, అప్పుడు వెనక్కి వెళతాడు. ఆ అవస్థ నాకు తెలుసు. అయినా 'స్వదేశ్' చూసి వెనక్కి వెళ్ళినవాళ్ళకంటే, చూసి డీవీడీ కొనుక్కుని ఇక్కడే వుండిపోయినవాళ్ళే మా అందరిలో ఎక్కువ. నా దగ్గర రెండు కాపీలున్నాయి.

మా అమ్మాయి అభిప్రాయం కూడా చెప్పాలి, నాకంటే నిర్మొహమాటస్తురాలు. దానికి పదమూడేళ్ళప్పుడు, నేను కాలేజీలో వుండగా నాలుగుసార్లు చూసిన ప్రేమకథ ఒకటి ముచ్చటపడి పెట్టాను. హీరో హీరోయిన్ బస్సు వెంట పడ్డాడు, ఇంటి ముందు కాపలా కాశాడు, ఆ పిల్ల వద్దన్న కొద్దీ పాట పాడాడు. "నాన్నా, పోలీసులకి ఎందుకు ఫోన్ చెయ్యట్లేదు ఆ అమ్మాయి?" అని అడిగింది. అది ప్రేమ అని చెప్పబోయి, మాట రాక, పాప్‌కార్న్ తెస్తానని లేచాను. ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. దాని మీద నాకింకా ఇష్టం చావలేదు.

మీరా నాయర్ తీసిన 'ది నేమ్‌సేక్' 2007లో థియేటర్లో చూసి, నలుగురిలో "మరీ నిదానం" అన్నాను. ఇర్ఫాన్ ఖాన్, టబు బాగా చేశారు కానీ, అది మన ముందు తరం కథ, ఫోన్లో చావుకబురు వినే రోజుల కథ, మనకిప్పుడు అన్నీ వున్నాయిగా అన్నాను. ఆ అభిప్రాయాన్ని ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

2011 నవంబర్లో బాపుగారి 'శ్రీరామరాజ్యం' వచ్చింది. నాన్నగారు ఫోన్లో, "ఇంటర్వల్‌కి బయటికొచ్చేశానురా. బొమ్మలా తీశాడు, కాదన్ను. కానీ 'లవకుశ' చూసిన కళ్ళు ఇవి" అన్నారు. బాపు సినిమాకి కూడా ఇంటర్వల్ తీర్పేనా, రెండో సగం చూడండి, అసలు కథ అక్కడే గదా అన్నాను. "చూస్తాలే" అన్నారు. ఆయనతో నేను మాట్లాడిన ఆఖరి సినిమా అది.

డిసెంబర్లో ఒకరోజు సాయంత్రం అయిదున్నరకి క్లయింటు ఆఫీసు పార్కింగ్ లాట్లో వుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ తెల్లవారుజామున అయిదు. గుండెపోటు. అరవైమూడేళ్ళు.

అప్పటికి నేను ఉద్యోగం మారి నెలన్నర. కొత్త కంపెనీ పెట్టిన హెచ్-1బి కాగితాలు ఇంకా అప్రూవ్ కాలేదు. పాస్‌పోర్టులో స్టాంపు ఎప్పుడో అయిపోయింది. లాయరు చాలా మర్యాదగా చెప్పింది. "మీరు వెళ్ళొచ్చు. తిరిగి రావటం ఎప్పుడన్నది మాత్రం నేను చెప్పలేను." ఇంట్లో ఏడాది నిండని పిల్ల, కొత్తగా తీసుకున్న ఇల్లు. రాత్రంతా మా ఆవిడా నేనూ లెక్కలేసుకున్నాం. వెళ్ళలేదు. ఇది కూడా రాయాలి కనక రాస్తున్నాను: గుండు కూడా చేయించుకోలేదు. సోమవారం క్లయింటుకి డెమో వుంది.

తమ్ముడు ల్యాప్‌టాప్ అరుగు మీద పెట్టి స్కైప్‌లో చూపించాడు. బొమ్మ ఆగి ఆగి వచ్చేది. మనుషుల కాళ్ళు, పూలు, మళ్ళీ ఆగిపోవటం. మాట ముందొచ్చి బొమ్మ తరవాతొచ్చేది. ఎవరో "పెద్దబ్బాయి చూస్తున్నాడా?" అన్నారు. పది నిమిషాలు చూసి మూత వేసేశాను. తరవాత తమ్ముడికి కనెక్షన్ పోయిందని చెప్పాను. పోలేదు.

ఆ పదిరోజులూ రాత్రిళ్ళు నిద్రపట్టక, లైబ్రరీ నించి తెచ్చిన 'ది వైర్' చూశాను. బాల్టిమోర్ నగరం, పోలీసులు, మాదకద్రవ్యాలమ్మే కుర్రాళ్ళు, అయిదు సీజన్లు, అరవై ఎపిసోడ్లు. అమెరికా టీవీలో అంతకంటే గొప్పది లేదంటారు తెలిసినవాళ్ళు. అరవయ్యీ చూశాను. ఎలా వుందని అడిగితే నేను చెప్పలేని సీరియల్ లోకంలో అదొక్కటే. ఒక్క సీనూ గుర్తులేదు. కాగితాలొచ్చాక అయిదునెలలకి తణుకు వెళ్ళాను. నాన్నగారి కుర్చీలో ఉతికిన బట్టలు మడతపెట్టి వున్నాయి.

2012లో అమ్మని ఆరునెలలకి ఇక్కడికి తీసుకొచ్చాం. వచ్చిన మూడోరోజు, "మొగలిరేకులు వస్తుందా మీకు?" అని అడిగింది. మంజులా నాయుడుగారి సీరియల్, 2008 నించీ నడుస్తోంది. వచ్చేట్టు చేశాం. అక్కడ రాత్రి వచ్చింది ఇక్కడ పొద్దున్నే కాఫీతో చూసేది. అవగానే భీమవరంలో మా పిన్నికి ఫోన్. ఇద్దరూ కలిసి అరగంట సీరియల్ గురించి ముప్పావుగంట మాట్లాడుకునేవాళ్ళు.

సీరియళ్ళ మీద నా అభిప్రాయం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక మనిషి "ఏమిటీ!" అంటే, ఆ గదిలో వున్న తొమ్మిదిమంది మొహాలూ మూడేసిసార్లు చూపిస్తారు, ఒక్కో మొహానికీ ఒక పిడుగు. నిద్రపోయేటప్పుడు కూడా నగలు తియ్యరు. చెప్పేస్తే తీరిపోయే నిజం ఒకటి వుంటుంది, దాన్ని మూడేళ్ళు చెప్పరు. 2017లో 'కార్తీకదీపం' మొదలయ్యాక నా విమర్శ పరాకాష్ఠకి చేరింది. డాక్టరుబాబు భార్యని అనుమానించి వదిలేస్తాడు. దీప వంటలు చేసుకుంటూ కూతుర్ని పెంచుతుంది. ఏళ్ళకేళ్ళు అదే అనుమానం. ఒకరోజు అమ్మ పక్కన కూర్చుని ఇక పట్టలేక అడిగేశాను.

"అమ్మా, వాడు డాక్టరు. ఒక్క డీయెన్నే పరీక్ష చేయించుకుంటే సాయంత్రానికి తేలిపోయేదానికి ఇన్నేళ్ళు ఏడిపిస్తాడేంటి?"

"చేయిస్తే తేలిపోతుంది. తేలిపోతే మర్నాడు నేనేం చూడను?" అంది అమ్మ, కళ్ళు టీవీ మీంచి తిప్పకుండానే.

నేను నవ్వాను. తరవాత వంటింట్లో మా ఆవిడతో చెప్పి మళ్ళీ నవ్వబోతే, ఆవిడ నవ్వలేదు. "మీరు సోమవారం విమానమెక్కితే గురువారం రాత్రికి వస్తారు. నేనూ పిల్లా పొద్దున్నే పోతాం. అత్తయ్యగారికి రేపు అంటూ వచ్చేది అదొక్కటేనండీ" అంది.

దాంతో నేను సీరియళ్ళ మీద జోకులు తగ్గించాను. మానలేదు.

'బాహుబలి' రెండోభాగం ఏప్రిల్ 2017లో మా ఊళ్ళో ప్రీమియర్ వేస్తే అందరం వెళ్ళాం. మొదటిభాగం నచ్చనివాణ్ణి నేను. అయినా ఆ రాత్రి కాగితం ముక్కలు ఎగరేసిన నలభయ్యేళ్ళ ఆర్కిటెక్టుల్లో నేనూ వున్నాను. కారణం సినిమా కాదు. పదిహేనేళ్ళు కొత్తిమీర పక్కన చూసిన భాషని ఆ పెద్ద తెర మీద చూశానంతే. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రాత్రి మా ఇంట్లో ముప్ఫైమంది. వాళ్ళలో మోకాళ్ళ ఆపరేషన్ అయినాయన కూడా స్టెప్పు వేశాడు.

అదే నెల మూడోతేదీన ఇంకో సినిమా విడుదలైంది, 'బలగం'. కమెడియన్‌గా తెలిసిన వేణు ఎల్దండి దర్శకుడుగా తొలి ప్రయత్నం. పెద్ద తారలు లేరు. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే ముసలాయన పోతాడు. మనవడికి అప్పులు, తన పెళ్ళి ఆగిపోతుందన్న బెంగ. కొడుకులకీ అల్లుడికీ పాతగొడవ. పిండం పెడితే కాకి ముట్టదు. ఊళ్ళల్లో తెరలు కట్టి జనం కలిసికట్టుగా చూస్తున్నారనీ, చూసి విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారనీ వార్తలొచ్చాయి. ప్రైమ్‌లోకి వచ్చాక ఏప్రిల్లో ఓహాయోలో క్లయింటు పని మీద వున్నప్పుడు, హోటల్ గదిలో పెట్టుకున్నాను. మొదట బాగా నవ్వాను. ఆ ముసలాయన ఊరంతా తిరుగుతూ అందర్నీ పలకరించటం చూస్తే మా తణుకు వీధే కనపడింది. పిండం పెట్టారు. అందరూ దూరంగా జరిగి చూస్తున్నారు. కాకి రాలేదు.

ల్యాప్‌టాప్ మూత వేసేశాను.

ఆ శనివారం పాట్‌లక్‌లో ఎవరో అడిగారు, 'బలగం' ఎలా వుందని. "ఫస్టాఫ్ బాగుందండీ. సెకండాఫ్ ఏడుపు ఎక్కువ" అన్నాను. సెకండాఫ్ నేను చూడలేదు. నిజాలు చెప్పి ముగ్గుర్ని పోగొట్టుకున్నవాణ్ణి, నా నోటితో నేను చెప్పిన అబద్ధపు సమీక్ష అది. అందరూ తలలూపారు.

జూన్లో అమ్మ వచ్చింది. సామాన్లు విప్పి, ఆవకాయ జాడీ కారిందా లేదా చూసుకుని, సోఫాలో కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న: "ఆ కాకి సినిమా చూశావట్రా?"

"సగం చూశానమ్మా."

"నాన్నగారి బుద్ధులు ఎక్కడికి పోతాయి? పెట్టు, నేను మళ్ళీ చూస్తాను. ఆ యాస నాకు సగం తెలియలా గానీ, కాకి మాత్రం బాగా తెలిసింది."

పెట్టాను. అమ్మ పక్కన కూర్చుని సినిమా చూడటమంటే రెండు సినిమాలు చూడటం. "ఇప్పుడు చూడు, అల్లుడు బొక్క కోసం అలుగుతాడు." "ఆ చెల్లెలు మంచిది." "పాపం ఆ పెద్దకొడుకు." చివర్లో పదకొండోరోజున బుడగజంగాల దంపతులు వచ్చి, పోయినాయన తరఫున ఇంటిల్లిపాదికీ పాడతారు. వాళ్ళు నటులు కారు, అదే విద్యగా బతికిన మొగిలయ్య, కొమురమ్మ. ఏడుపు ఎక్కువన్న నా మాట తప్పు. అక్కడ సినిమావాళ్ళు చేసిందేమీ లేదు, కెమెరా పెట్టి పక్కకి తప్పుకున్నారు, అంతే. ఆ పది నిమిషాల కోసం ముందు రెండుగంటలూ నవ్వించి నిలబెట్టిన తీరు చూస్తే, లెక్క ప్రతి మెట్టూ సరిగ్గానే వేశాడు. కాకి వచ్చింది.

పేర్లు పడుతున్నాయి. అమ్మ చివరిపేరు దాకా చూస్తోంది. పన్నెండేళ్ళుగా అడగనిది అడిగాను.

"అమ్మా, నాన్నగారికి పెట్టినప్పుడు కాకి వచ్చిందా?"

"రాకపోవటమేంటి? మీ తమ్ముడు కాలవగట్టు మీద విస్తరి పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేశాడో లేదో వచ్చి వాలింది. ఒకటి కాదు, మూడు."

"వెంటనేనా?"

"వెంటనే."

స్థిమితపడాల్సిన మాట. పన్నెండేళ్ళుగా నేను భయపడింది ఆయనకి నా మీద కోపం మిగిలిపోయిందేమోననే. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరు. "కాసేపన్నా ఆగలేదా?"

అమ్మ నావైపు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత ఒక్కసారిగా నవ్వింది. "మీ నాన్నగారు ఎప్పుడన్నా అన్నం దగ్గర ఎవరికోసమన్నా ఆగారట్రా? పన్నెండున్నర అయిందంటే పీట వెయ్యాల్సిందే. నా పెళ్ళిలో మా నాన్నని కూడా ఆగలేదు."

నేనూ నవ్వాను. ఇద్దరం గట్టిగానే నవ్వాం. మా అమ్మాయి మేడమీద నించి తొంగిచూసి వెళ్ళింది.

నవ్వు తగ్గాక అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మీ పిన్ని అంది ఆవేళ, పెద్దాడు రాలేదుగా, బావగారు కాస్త బెట్టు చేస్తారేమో అని. అందరం అలాగే అనుకుని దూరంగా నిలబడ్డాం. చెయ్యలేదు" అంది. కాసేపాగి, "నాక్కూడా కొంచెం కోపమొచ్చింది" అంది.

టీవీలో పేర్లు అయిపోయాయి. 'కార్తీకదీపం' ఆ జనవరిలోనే ముగిసింది. దాని టైములో 'బ్రహ్మముడి' వస్తోందట.

"అది పెట్టు. విమానం ఎక్కే హడావిడిలో సగంలో వదిలేశాను" అంది.

పెట్టాను. లేచి వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవేళ ఎపిసోడు మొత్తం చూశాను. చివర్లో ఎవరో తలుపు తీశారు. గదిలోవాళ్ళందరి మొహాలూ మూడేసిసార్లు చూపించారు. వచ్చిందెవరో చూపించలేదు.

"రేపు చూపిస్తాడు" అంది అమ్మ.